గడిలో ఆధారం అర్థమవుతోంది, జవాబు మాత్రం రావడం లేదు: ఎక్కడ చూడాలి?

మీ ఇబ్బంది ఇదీ: పేపర్లో గళ్ళ నుడికట్టు (క్రాస్‌వర్డ్) ముందేసుకుంటే నేరుగా అర్థం అడిగే ఆధారాలు (క్లూలు) నిండుతున్నాయి, తిరకాసు ఆధారాలు మాత్రం ఒక్కటీ లొంగడం లేదు. మర్నాడు జవాబు చూసినా అదెలా వచ్చిందో అంతుపట్టడం లేదు. పదసంపద చాలదేమోనని మీ అనుమానం. ఆ అనుమానం వదిలెయ్యండి. తిరకాసు ఆధారాల జవాబులు చాలావరకు అందరికీ తెలిసిన మాటలే. తేడా అంతా ఆధారాన్ని చదివే పద్ధతిలో ఉంది.

ఒక ఆధారం తీసుకుందాం. ఇక్కడ ఇచ్చేవన్నీ ఈ జవాబు కోసం కూర్చినవే.

"నీరజ నిద్రలో దాగిన రాత్రి (3)"

వాక్యంగా చదివితే ఎవరో నీరజ, ఆమె నిద్ర, ఒక రాత్రి కళ్ళ ముందు కదులుతాయి. కూర్పరికి, అంటే గళ్ళు కూర్చేవారికి, కావలసింది అదే. ఆ బొమ్మ చెరిపేసి మాటల్ని అక్షరాలుగా విడగొట్టండి: నీ-ర-జ-ని-ద్ర. మధ్యలో ర-జ-ని వరసగా కూర్చుని ఉంది. రజని అంటే రాత్రి. 'లో దాగిన' అన్నది ఎక్కడ వెతకాలో చెప్పే సూచన, అంతే.

దాదాపు ప్రతి మంచి తిరకాసు ఆధారంలోనూ ఈ రెండు పాళ్ళు ఉంటాయి. ఒకటి జవాబుకి నేరుగా అర్థం, రెండోది జవాబు తయారయ్యే కిటుకు. అర్థం దాదాపు ఎప్పుడూ ఆధారం మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. కాబట్టి మొదటి పని: చివరి మాటని వేలితో మూసి, మిగతాది కిటుకుగా పనికొస్తుందా అని చూడండి. కుదరకపోతే మొదటి మాట మూసి చూడండి. ఆ సరిహద్దు ఎక్కడుందో తెలిస్తే సగం పని అయినట్టే.

తెలుగు ఆధారాల్లో కొత్తవాళ్ళు జారిపోయే చోటు విభక్తి ప్రత్యయం. 'లో', 'తో', 'కి' లాంటివి మాటకి అతుక్కుని కనిపించకుండా పోతాయి, కానీ చాలాసార్లు అసలు సూచన అవే. "కలంలో మనసు మొదలు పెట్టగానే తామర పూసింది (3)" చూడండి. 'మనసు మొదలు' అంటే మనసు అనే మాట మొదటి అక్షరం, 'మ'. దాన్ని 'కలం' లోపల పెడితే క-మ-లం. కమలం అంటే తామర. 'మొదలు పెట్టగానే' అని కలిపి చదివినంతసేపూ ఇది తెగదు. 'మొదలు' దగ్గర ఆగి, 'పెట్టగానే'ని విడిగా చదవాలి. ఎక్కడ ఆపుతారన్నది ఈ ఆటలో చాలా ముఖ్యం.

చిన్న మాటల్నీ దాటెయ్యకండి. "ఆ పువ్వు మరిగే నీటిలోంచి లేస్తుంది (3)": పువ్వుకి విరి, ముందు 'ఆ' అలాగే ఉంచితే ఆవిరి. 'ఆ' ఊరికే వచ్చిన మాట అనుకుంటే జవాబు దొరకదు.

మిగతా రకాలు గబగబా చూద్దాం. "స్వప్నమూ సమయమూ కలిస్తే ఎప్పటికీ (4)": కల, కాలం, కలకాలం. "వెనక్కి తిరిగిన కలప మీద అక్షరాలు దిద్దుతారు (3)": క-ల-ప తిరగేస్తే పలక. "కింది నుంచి పైకి పాకిన తల ఒక తీగ (2)": లత. ఇది నిలువు ఆధారంగానే చెల్లుతుంది, అడ్డానికి కింద, పైన ఉండవు కదా. "కొసలో తగ్గిన అలక సముద్రంలో లేచేది (2)": అలకలో చివరి 'క' తీసేస్తే అల. "చెయ్యీ పన్నూ ఒకటే (2)": దీంట్లో కిటుకు లేదు, రెండూ అర్థాలే. చెయ్యి పక్కన ఉంది కాబట్టి పన్ను అనగానే నోట్లోది గుర్తొస్తుంది. కావలసింది ప్రభుత్వానికి కట్టే పన్ను. కరం.

తెలుగులో బాగా కుదిరే కిటుకు ఇంకోటి ఉంది, చాలా అందమైనది: దీర్ఘాన్ని కుదించడం, హ్రస్వాన్ని సాగదీయడం. "కురచైన కాలంతో రాయొచ్చు (2)" అంటే కాలంలో దీర్ఘం తీసేస్తే కలం. ఇంగ్లీషు గళ్ళలో ఒకేలా పలికి వేరే స్పెల్లింగు ఉన్న మాటలతో ఆడే ఆధారాలు కొల్లలు. పలికినట్టే రాసే మన భాషలో వాటికి చోటు తక్కువ. ఆ లోటుని ఈ గుణింతాల ఆట చక్కగా తీరుస్తుంది.

సూచన మాటల్ని ఒక కాగితం మీద రాసుకుంటూ పోండి. చెదిరిన, తడబడిన, కలగాపులగం, గజిబిజి అంటే అక్షరాల వరస మార్చేయమని. తిరగబడిన, ఎదురొచ్చిన, వెనుదిరిగిన అంటే వెనక నుంచి చదవమని. తల, మొదలు, ఆది అంటే మొదటి అక్షరం. తోక, కొస, అంతం అంటే చివరిది. కడుపు, నడుమ, గర్భం అంటే మధ్య. తల తెగిన, తోక లేని అంటే ఆ అక్షరం కొట్టేయమని. ఎటు చూసినా ఒకటే అంటే వికటకవి లాంటి మాట.

'డుమువులు లేవు' అని కనిపిస్తే భయపడకండి. డు, ము, వు, లు అనే ప్రత్యయాలు తీసేసిన మాట కావాలని అర్థం. "వరసన చెదిరిన శృంగారాదులు, డుమువులు లేవు (4)" అన్నప్పుడు వ-ర-స-న అక్షరాల వరస మారిస్తే న-వ-ర-స. నవరసములు అనే మాటలో చివరి 'ములు' పోయింది.

ఇక గళ్ళ లెక్క. బ్రాకెట్లో అంకె అక్షరాల సంఖ్య. సున్న ముందు అక్షరంతోనే ఉంటుంది, ఒత్తు కూడా అంతే, కాబట్టి 'సంధ్య' 2 గళ్ళు. వనం 2, వనము 3. అర్థం సరిపోయి గడి మిగిలిందంటే ముందు ఈ సున్న, ము తేడా చూసుకోండి.

నింపే క్రమం గురించి నా సలహా మామూలుగా చెప్పేదానికి భిన్నం: రెండక్షరాల వాటితో మొదలుపెట్టకండి. చిన్నవి కదా అనిపిస్తుంది గానీ, వాటికి సరిపోయే మాటలు మరీ ఎక్కువ. నాలుగైదు అక్షరాల ఆధారాల్లో పట్టుకోవడానికి ఏదో ఒక కొస దొరుకుతుంది. మొదటి విడత అడ్డం, నిలువు అన్నీ ఒకసారి చదివి, కిటుకు, అర్థం రెండూ కుదిరినవే రాయండి. రెండో విడతలో దాటే అక్షరాలు, అంటే అడ్డం, నిలువు కలిసే గళ్ళలోవి, సాయం చేస్తాయి. తెలుగు గడిలో ఒక్క అక్షరం తెలిస్తే హల్లూ అచ్చూ రెండూ తెలిసినట్టే, కనుక ఆ సాయం చాలా పెద్దది.

అయినా దాటే అక్షరమూ అర్థమూ ఉన్నాయి కదా అని రాసేయకండి. మూడు గళ్ళు, చివర 'ని', అర్థం రాత్రి అనుకోండి. రజని పడుతుంది, యామిని కూడా పడుతుంది. ఏది రాయాలో తేల్చేది 'నీరజ నిద్ర' ఒక్కటే. కిటుకు విప్పకుండా నింపిన గడి ఒక మూల తప్పితే నాలుగు వైపులా తప్పుతుంది, తప్పు ఎక్కడ మొదలైందో కూడా తెలియదు.

గుణింతం అనుమానంగా ఉంటే పెన్సిలుతో హల్లు మాత్రం రాసి వదిలేయండి. వరస, వరుస రెండూ వాడుకలో ఉన్నాయి, తీగ, తీగె కూడా. ల-ళ, న-ణ, శ-ష-స తేడాలు నిఘంటువులో చూసుకోవడం మేలు. నెట్‌లో ఆంధ్రభారతి తెరిస్తే చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. ఆధారం విప్పాక సరిచూసుకోవడానికి వాడండి. విప్పకముందే పర్యాయపదాల కోసం తవ్వితే ఆటలో రుచి పోతుంది.

కూర్పరుల్లో రెండు తరహాలున్నాయి. బ్రిటన్‌లో జిమెనీజ్ అనే కలం పేరుతో గళ్ళు కూర్చిన మ్యాక్‌నట్ 1966లో తన పుస్తకంలో న్యాయమైన ఆధారానికి కచ్చితమైన నియమాలు పెట్టాడు. ఆ పద్ధతి పాటించేవాళ్ళ ఆధారంలో ఒక్క మాట కూడా దండగ ఉండదు. మన దగ్గర శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అని పేర్లు పెట్టి పెంచిన ఆటలో చమత్కారానికి పెద్దపీట. ఇప్పటికీ కొందరి ఆధారాల్లో కిటుకు పూర్తిగా ఉండదు, సామెత మీదో పద్యం మీదో విసురు ఉంటుంది. కాబట్టి రోజుకో పేపరు మార్చకుండా ఒకే కూర్పరిని కొన్ని వారాలు పట్టుకోండి. ఆ మనిషికి ఏ సూచనలు ఇష్టమో, అర్థాన్ని ఎక్కువగా ఎక్కడ పెడతారో తెలిసిపోతుంది.

ఇంగ్లీషు పేపర్ల క్రిప్టిక్‌కి (తిరకాసు గళ్ళకి) వెళ్ళాలనుకుంటే ఇదే పద్ధతి. దినపత్రికల్లో సాధారణంగా 15 అడ్డం, 15 నిలువు గళ్ళుంటాయి. అక్షరం బదులు విడి లెటర్, దాంతోపాటు పొట్టి సంకేతాలు నేర్చుకోవాలి: నావికుడంటే ఏబీ, తూర్పంటే ఈ, నిశ్శబ్దంగా అంటే సంగీతంలోని పీ.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పేది మర్నాటి జవాబుల పట్టీ. దాన్ని చూసి పేపరు మడిచేయకండి. నిండని ప్రతి ఆధారం పక్కనా జవాబు రాసి, అర్థం ఎక్కడ ఆగింది, సూచన ఏది, ఏ అక్షరం ఎక్కణ్ణుంచి వచ్చింది అని గీత గీసి గుర్తుపెట్టండి. ఏ అక్షరానికైనా లెక్క తేలకపోతే ఆధారం మొత్తం రాసి ఇక్కడ అడగండి, విప్పి చెప్తాం.