విక్టోరియా రాణి కాలంలో కల్తీ చట్టాలు నిజంగా అమలయ్యేవా?

ఇంగ్లండ్ పట్టణాల్లో అప్పట్లోనే కల్తీ చట్టాలు ఉన్నాయంటారు, వాటిని ఎవరైనా పట్టించుకున్నారా అని అడిగారు. 1860 నాటి చట్టం దాదాపు కాగితం మీదే ఉండిపోయింది. 1875 చట్టం తర్వాత పని మొదలైంది, అదీ ఊరుని బట్టి.

నాకీ విషయం మీద ఆసక్తి పుట్టింది మా నాన్న కిరాణా కొట్టువల్ల. 1980ల్లో తెనాలిలో మా కొట్టుకి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. కందిపప్పు తూకం వేయించుకుని, డబ్బులిచ్చి, మూడు వాటాలు చేయించి లక్క సీలు వేశారు. నాన్నకి ఒకటే టెన్షన్. "ఊరికే పట్టుకుపోక డబ్బులిస్తాడేంట్రా?" అని నన్ను అడిగాడు. (పప్పు బాగానే ఉందని తేలిందిలెండి.)

జవాబు చాలా ఏళ్లకి, ఇంగ్లండ్‌లో పబ్లిక్ హెల్త్ చదివేటప్పుడు దొరికింది. 1875 చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్ సరుకు కొనాలి, ఇది పరీక్షకని అక్కడే చెప్పాలి. అమ్మినవాడు ఒప్పుకుంటే మూడు వాటాలు: ఒకటి అతనికి, ఒకటి ఎనలిస్టుకి (అంటే సరుకుని పరీక్షించి చెప్పే నిపుణుడికి), మూడోది ఇన్‌స్పెక్టర్ దగ్గరే, రేపు కోర్టులో పేచీ వస్తే పనికొస్తుందని. మన 1954 కల్తీ నిరోధక చట్టంలోనూ మూడు వాటాలే ఉండేవి.

అంతకుముందు కథ వేరు. 1850ల మొదట్లో ఆర్థర్ హిల్ హాసల్ అనే డాక్టరు లండన్ కొట్లలో సరుకులు కొని మైక్రోస్కోపు కింద చూసి, అమ్మినవాళ్ల పేర్లూ చిరునామాలతో సహా లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేయించాడు. కారంలో సీసపు సింధూరం! గుంటూరు జిల్లావాణ్ణి కదా, చదివితే ఒళ్లు మండింది. 1858లో బ్రాడ్‌ఫర్డ్ సంతలో కొన్న పిప్పరమెంటు బిళ్లలు తిని 20 మంది దాకా చనిపోయారు. చక్కెర ఖర్చు కలిసొస్తుందని జిప్సంలాంటి పొడి కలపడం అక్కడ మామూలే. ఆసారి మందుల కొట్టు కుర్రాడు పొరపాటున ఆ పొడికి బదులు ఆర్సెనిక్ విషం తూచి ఇచ్చాడు. కేసు పెట్టారు, ఎవరికీ శిక్ష పడలేదు.

రెండేళ్లకి వచ్చిన 1860 చట్టం ఎనలిస్టుని "పెట్టుకోవచ్చు" అంది, "పెట్టుకోవాలి" అనలేదు. చాలా ఊళ్లు పెట్టుకోలేదు. ఎనలిస్టుకైనా ఇన్‌స్పెక్టర్‌కైనా జీతం స్థానిక పన్నుల్లోంచి ఇవ్వాలి. పన్ను కట్టేవాళ్లలోనూ, ఊరి పాలన చూసే బోర్డుల్లో కూర్చునేవాళ్లలోనూ కొట్లవాళ్లూ అద్దె ఇళ్ల యజమానులూ బోలెడుమంది. రేపు తన దొడ్డి బాగుచేయించమని తనకే నోటీసిచ్చే ఇన్‌స్పెక్టర్‌ని ఎవడు మేపుతాడు?

కుళ్లిన మాంసంతో ఇంత తిప్పలు లేదు. పట్టుకుని మేజిస్ట్రేటుకి చూపించి, ఆయన ఉత్తర్వు మీద నాశనం చేసేవాళ్లు. దానికి ఎనలిస్టు అక్కర్లేదు, ముక్కు చాలు.

1875 తర్వాత కూడా కొట్లవాళ్లు ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టర్ కొన్నది తినడానికి కాదు, పరీక్షకి, ఇక కొన్నవాడికి నష్టమేముంది అని కోర్టుల్లో వాదించారు. ఆ వాదన చెల్లదని 1879లో చట్టాన్ని సవరించాల్సి వచ్చింది.

తెనాలిలో ఆ రోజు సీలు పడుతుంటే మా నాన్న కూడా అచ్చం ఇదే అన్నాడు: "సార్, మీరేమన్నా వండుకు తినడానికి కొన్నారా?" ఆయన తలెత్తకుండానే, "ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు.