28 రోజులు ఆగలేని సినిమాలు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విజయనగరంలో ఉంటాం, ఇంట్లో నలుగురం, రెండు నెలలకోసారి మించి హాలుకి వెళ్ళలేం, రాబోయేవాటిలో ఏవి హాల్లోనే చూడాలి, ఏవి ఓటీటీకి వదిలేయొచ్చు?

నాది శ్రీకాకుళం. పాత బస్టాండ్ దగ్గర చిన్న జెరాక్స్ షాపు. ఇంటర్ అయ్యాక రెండేళ్ళపాటు ఊళ్ళోనే ఒక హాల్లో బుకింగ్ కౌంటర్లో కూర్చున్నాను. ఆ కంతలోంచి మొహాలు కనిపించేవి కావు, చేతులే. చెమటకి తడిసి ముద్దయిన పది రూపాయల నోట్లు, ఒక్కోసారి ఒకే కంతలో నాలుగు చేతులు. ఏ చేతులు ఎప్పుడొస్తున్నాయో చూసి సినిమా ఎన్నాళ్ళు ఆడుతుందో చెప్పేసేవాళ్ళం. మూడో రోజుకి గాజుల చేతులు మొదలయ్యాయంటే ఇక దానికి ఢోకా లేదు. ఈ ముక్కలు 2026 మొదట్లో రాస్తున్నా. డేట్లు మారడం మన సినిమాలకి మామూలే కాబట్టి ఆ సంగతి చివర్లో చెబుతాను.

ముందు నా లెక్క. తండేల్ 2025 ఫిబ్రవరి 7న హాళ్ళకొచ్చింది. మార్చి 7కి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంది. సరిగ్గా 28 రోజులు. అన్నీ ఇంత తొందరగా రావనుకోండి, కొన్నిటికి రెండు నెలలు పడుతుంది. అయినా ఏ సినిమా పోస్టర్ చూసినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: 28 రోజులు ఆగితే నాకేం పోతుంది? ఏమీ పోదనిపిస్తే ఆగుతాను. అందులో సిగ్గేమీ లేదు.

ఆ తండేల్‌నే తీసుకోండి. ఆగి ఉంటే నాకు చాలా పోయేది. గుజరాత్‌లోని వెరావల్ నుంచి బోట్ల మీద వేటకి వెళ్ళిన మన తీరం వాళ్ళు 2018 నవంబరులో పాకిస్తాన్‌కి చిక్కారు, 2020 జనవరిలో గానీ బయటపడలేదు. దాన్ని చందూ మొండేటి నాగచైతన్య, సాయిపల్లవిలతో ప్రేమకథగా తీశాడు. నేను చూసిన ఆటకి నా పక్క సీట్లో ఎచ్చెర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆధార్ జెరాక్సులకి మా షాపుకి వచ్చే మనిషే, తనూ కొన్నేళ్ళు వెరావల్‌లో పని చేశాడు. పాట వచ్చినప్పుడల్లా లేచి బయటికెళ్ళి బీడీ కాల్చుకొచ్చాడు. తుఫాను సీన్లో మాత్రం కదల్లేదు. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుని, పడవ మీద నిలబడినట్టు కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి కూర్చున్నాడు. తెర మీద కెరటం లేచినప్పుడల్లా ఆయన ఒళ్ళు నా వైపు ఒరిగేది. "గాలి అలగున్నపుడు ఎవులూ అలగ నిలబడరు బాబూ" అన్నాడు ఒకే ఒక్కసారి. అన్నాడే గానీ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. సినిమా మీద నాకు ఫిర్యాదులు లేకపోలేదు, యాస కొన్నిచోట్ల పట్టు తప్పింది. కానీ ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే ఆయన కాళ్ళు నాకు కనిపించేవి కావు.

అన్నట్టు అదే సినిమా పైరసీ కాపీని పలాస నుంచి విజయవాడ వెళ్ళే బస్సులో వేశారని అప్పట్లో వార్తలొచ్చాయి. మన జిల్లా కథ, మన జిల్లాలో బయల్దేరిన బస్సు. ఏం అనగలం.

అందుకే ఈ ఏడాది నా మొదటి టికెట్ పెద్దికి. బుచ్చిబాబు సానా దర్శకుడు, రామ్‌చరణ్, జాన్వీ కపూర్, సంగీతం రెహమాన్. ఇవన్నీ మీకు తెలిసినవే, నా కారణం వేరే ఉంది. 2025 శ్రీరామనవమికి దాని గ్లింప్స్ వదిలారు. నేను వరండాలో కూర్చుని ఫోన్లో చూస్తున్నాను, మా అమ్మ లోపల చేటలో బియ్యం చెరుగుతోంది. తనకి తెర కనిపించదు, గొంతు ఒక్కటే వినిపిస్తోంది. చేట చప్పుడు ఆగింది. "ఎవుల్రా అది, మనూరోడేటి?" అంది. రామ్‌చరణ్ అంటే నమ్మలేదు. బయటికొచ్చి, ఆ గెడ్డం, ఆ ముక్కుపోగు చూసి "ఎలగైపోనాడో గుంటడు" అని మళ్ళీ లోపలికెళ్ళిపోయింది. రెండు నిమిషాల తర్వాత "మళ్ళీ ఎట్టు" అని లోపల్నించే కేక.

మన యాస తెర మీద ఎప్పట్నించో ఉంది. కాకపోతే పనివాడి నోట్లోనో, నవ్వించడానికి పెట్టుకున్నవాడి నోట్లోనో ఉండేది. హైదరాబాద్‌లో ఆరు నెలలు ఉద్యోగం వెలగబెట్టినప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. తెర మీద ఎవడో "ఏటి" అంటే చాలు, హాలంతా పడిపడి నవ్వేది. మా అమ్మ రోజుకి వందసార్లు అనే మాట అది. నవ్వాలో వద్దో తెలియక పాప్‌కార్న్ నములుతూ కూర్చున్నాను. ఆ తర్వాత 2020 మార్చి 6న కరుణకుమార్ తీసిన పలాస 1978 వచ్చింది. అదే మాట కోపంగా పలికితే ఎలా ఉంటుందో అప్పుడు విన్నాను, హాలు కూడా మెదలకుండా విన్నది. పాపం, మూడు వారాలు తిరక్కుండానే లాక్‌డౌన్ వచ్చి హాళ్ళకి తాళాలు పడ్డాయి. ఇప్పుడు ఇంత పెద్ద హీరో అదే గొంతుతో సినిమా అంతా మాట్లాడబోతుంటే, దాన్ని మన హాల్లో మనవాళ్ళ మధ్య వినాలి. యాస ఎక్కడ తప్పినా వెనక వరసలోంచి ఎవడో ఒకడు "అలగనం రా బాబూ" అని అరుస్తాడు. ఆ అరుపు కోసమైనా మొదటి వారంలోనే వెళ్ళాలి. మీది విజయనగరం, మీకు వేరే చెప్పాలా.

ఇక తెర కోసం, సౌండు కోసం వెళ్ళాల్సినవి. ఇక్కడ మాత్రం సొంత ఊరిని వెనకేసుకు రాలేను. కిందటేడు ఒక హాల్లో ఎడమ గోడ స్పీకర్లు మూగబోయాయి. యుద్ధమంతా కుడివైపే జరిగింది. ఏనుగులు కుడివైపు ఘీంకరిస్తాయి, బాణాలు కుడివైపు నుంచి బయల్దేరతాయి, ఎడమవైపు కూర్చున్నవాళ్ళకి మాత్రం ఫ్యాన్ గిరగిర తప్ప ఏమీ లేదు. ఇంటర్వెల్లో వెళ్ళి చెబితే "రేపు మెకానిక్ వస్తాడు సార్" అన్నారు. నేను కౌంటర్లో ఉన్నప్పుడు మేమూ ఇదే మాట అనేవాళ్ళం. అందుకే గొడవ పడడానికి నోరు రాలేదు.

కాబట్టి రాజమౌళి వారణాసి లాంటిదానికి నేను విశాఖ వెళ్తాను. 2025 నవంబరు 15న రామోజీ ఫిల్మ్ సిటీలో టైటిల్ చెప్పారు. మహేష్‌బాబు, ప్రియాంక చోప్రా, పృథ్వీరాజ్ సుకుమారన్, సంగీతం కీరవాణి. 2027 వేసవికి అంటున్నారు, అంటే ఈలోగా డబ్బులు దాచుకోవడానికి టైముంది. మా నాన్న తరం వాళ్ళు 70 ఎంఎం చూడాలంటే విశాఖలో జగదాంబ హాలుకి వెళ్ళేవాళ్ళు, తిరిగొచ్చి పది రోజులు అదే కబురు. మాకు బస్సులో వంద కిలోమీటర్ల పైమాటే, మీకు అరవై. మార్నింగ్ షోకి వెళ్ళండి. సెకండ్ షో చూసి, పిల్లలు భుజం మీద నిద్రపోతుంటే ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడడం ఒకసారి చేశాను, మా ఆవిడ ఇంకా మరిచిపోలేదు.

ఇంగ్లీషువాటిలో నా కన్ను క్రిస్టఫర్ నోలన్ ఒడిస్సీ మీద ఉంది, 2026 జూలై 17. సినిమా మొత్తాన్ని ఐమాక్స్ ఫిల్మ్ కెమెరాలతోనే తీశారు. అంత పెద్ద బొమ్మకి తగ్గ తెర మన జిల్లాల్లో లేదు, ఉన్నంతలో పెద్దది వెతుక్కోవాలి. పిల్లలకి నచ్చుతుందని హామీ ఇవ్వను, నేను ఒక్కణ్ణే వెళ్ళే రకం అది. డిసెంబరు 18న అవెంజర్స్ డూమ్స్‌డే ఉంది. నా వరకు 28 రోజులకి వదిలేస్తాను, మా పెద్దాడు వదిలేలా లేడు. వాడి గోల వాడిది.

దీపావళికి హిందీ రామాయణం మొదటి భాగం వస్తుంది. నితేశ్ తివారీ దర్శకుడు, రాముడిగా రణ్‌బీర్, సీతగా సాయిపల్లవి, రావణుడిగా యశ్. రెహమాన్‌తో పాటు హాన్స్ జిమ్మర్ కూడా సంగీతం. దీని మీద నాకు మనసు రెండు విధాలుగా ఉంది. తప్పెటగుళ్ళలో రాముడి కథ విని పెరిగిన మా అమ్మలాంటి వాళ్ళకి, మాటొకటి పెదవొకటిగా ఉన్న డబ్బింగు రాముడు ఎంత ఆనతాడో. వారం ఆగుతాను. చూసొచ్చిన ఆడవాళ్ళు ఏమంటున్నారో వింటాను. గాజుల చేతుల సిద్ధాంతం దీనికి బాగా పనికొస్తుంది.

ఇప్పుడు డబ్బుల మాట. పెద్ద సినిమాలకి మొదటి రోజుల్లో రేటు పెంచుకోమని మన రాష్ట్రంలో జీవో ఇస్తున్నారు. 2025 సెప్టెంబరులో పవన్ కళ్యాణ్ ఓజీకి బెనిఫిట్ షో టికెట్ వెయ్యి రూపాయలు. ఆ తర్వాత అక్టోబరు 4 దాకా సింగిల్ స్క్రీన్‌లో ఒక్కో టికెట్ మీద 125 దాకా అదనం. నలుగురంటే 500, సమోసాలు, బండి పార్కింగ్ కలపకుండానే. అందుకని మొదటి వారంలో చూసి తీరాలనుకున్నది ఏడాదికి ఒకటో రెండో పెట్టుకోండి, మిగతావి రేటు దిగాక, సోమవారమో మంగళవారమో వెళ్ళండి. ఇంకో చిన్న సంగతి: 2025 సెప్టెంబరు 22 నుంచి వంద లోపు టికెట్ మీద జీఎస్టీ 5 శాతమే, వంద దాటితే 18. ఆ చవక టికెట్లుండే ముందు వరసలంటే మెడ నొప్పి అనుకుంటాం గానీ, మధ్యాహ్నం ఆటకి జనం పల్చగా ఉన్నప్పుడు అక్కడ మరీ తెర మీద పడ్డట్టేమీ ఉండదు.

డేట్ల సంగతి. సినిమా ఇప్పుడు రీలు బాక్సులో రాదు. హార్డ్‌డిస్క్‌లోనో శాటిలైట్ మీదో ముందే హాలుకి చేరిపోతుంది. దాన్ని తెరవడానికి కేడీఎం అనే డిజిటల్ తాళంచెవి వేరుగా పంపుతారు. ఏ హాలుకి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది అందులోనే ఉంటుంది. పైవాళ్ళ దగ్గర, అంటే నిర్మాతలూ డిస్ట్రిబ్యూటర్ల మధ్య, డబ్బుల లెక్క తేలకపోతే ఆ తాళంచెవి రాదు. ఒకసారి ప్రీమియర్‌కని తొమ్మిదింటికే వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాం. లోపల బొమ్మ ఉంది, బయట జనం ఉన్నారు, డప్పులూ ఉన్నాయి. నాతో పనిచేసిన పాత ఆపరేటర్ కిటికీలోంచి తల పెట్టి "కీ రానేదన్నా" అన్నాడు. పన్నెండున్నర దాకా ఉండి ఇంటికొచ్చేశాం. కొబ్బరికాయలు కొట్టడానికి తెచ్చినవాళ్ళు అవి పట్టుకునే ఇళ్ళకి పోయారు. పెద్ద పేర్లకీ ఇది తప్పదు: అఖండ 2 2025 డిసెంబరు 5న రావాల్సింది, చివరి నిమిషంలో ఆగి 12న వచ్చింది. అందుకే విశాఖ ప్రయాణం పెట్టుకునేవాళ్ళు మొదటి రోజుకి సెలవు పెట్టకండి.

మీకున్న ఆరు సినిమాల్లో ఒకటి కళ్ళు మూసుకుని సంక్రాంతికి రాసేయండి. ఏ సినిమా అన్నది అప్పటికి తేలుతుంది. 2025లో సంక్రాంతికి వస్తున్నాం, 2026లో మన శంకర వరప్రసాద్ గారు, రెండూ అనిల్ రావిపూడివే, రెండూ ఇంటిల్లిపాదీ వెళ్ళే రకం. హైదరాబాద్, చెన్నై, విశాఖల్లో పనులు చేసుకునేవాళ్ళంతా పండక్కి దిగుతారు కదా. కనుమ నాడు ఫస్ట్ షోకి వెళ్తే ఇంటర్వెల్లో మూడేళ్ళుగా చూడని పెదనాన్న కొడుకు కనిపిస్తాడు. సగం కబుర్లు అక్కడే అయిపోతాయి, రెండో సగం ఎవరూ సరిగ్గా చూడరు, చూడకపోయినా ఆ సినిమాలకి నష్టం లేదు.

పెద్దికి మా ఇంట్లో లెక్క నలుగురి నుంచి ఐదుగురికి పెరిగింది. మోకాళ్ళ నొప్పులు వచ్చాక అమ్మ హాలుకి రావడం మానేసింది, బాల్కనీ మెట్లు ఎక్కలేదు. కింద క్లాసులో తలుపు పక్కన వరస చివరి సీటు చూసిపెట్టమని ఆపరేటర్‌కి అప్పుడే చెప్పి ఉంచాను. అమ్మ మాత్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఆడు సినిమా అంతా మనలాగే మాటాడతాడా, ఫోన్లో మట్టుకేనా?" అని మొన్న కూడా అడిగింది.