ఉ, ఊ పెదవుల అచ్చులు కదా, వెనక అచ్చులని ఎందుకంటారు?

మీ సందేహం ఇదీ: ఉ, ఊ ఓష్ఠ్యాలని, అంటే పెదవుల దగ్గర పుట్టేవని వ్యాకరణంలో చదువుకున్నాం. ధ్వనిశాస్త్రంలో మాత్రం వాటిని వెనక అచ్చులంటున్నారు. ఇందులో ఏది నిజం?

రెండూ నిజమే. ఊ అన్నప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పెదవులు గుండ్రమవుతాయి, నాలుక వెనక భాగం పైకి లేస్తుంది. మొదటిది అద్దంలో కనిపిస్తుంది, రెండోది కనిపించదు. అంతే తేడా. కానీ ఈ రెండూ వేరువేరు పనులని నాకు చదివితే తెలియలేదు. టర్కిష్ నేర్చుకుంటూ ఒక్క అచ్చు దగ్గర వారాల తరబడి ఆగిపోయాకే తెలిసింది.

టర్కిష్‌లో ‘కుష్’ అంటే పక్షి. ఆ ఉకారం తీసేసి, చుక్క లేని ‘ఐ’ అక్షరంతో రాసే ఇంకో అచ్చు పెడితే చలికాలం. దానికి మన లిపిలో అక్షరం లేదు. నేను చలికాలం అన్న ప్రతిసారీ నేర్పే ఆవిడకి పక్షే వినపడేది. ‘పెదవులు గుండ్రంగా పెట్టకండి’ అనేవారు. సరేనని పెదవులు సాగదీస్తే ‘కిష్’ వచ్చేది. పెదవులు వెనక్కి లాగగానే నాలుక తనంతట తనే ముందుకి వచ్చేస్తోంది! చిన్నప్పటి నుంచి ఆ రెండిటినీ జంటగానే కదిలించాను మరి. తెలుగులో వాటిని విడదీయాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

చివరికి పనిచేసిన చిట్కా చెప్తాను, మీరూ చేసి చూడండి. ‘గూ’ అనబోయి, ‘గ్’ దగ్గరే ఆగిపోండి. నాలుక వెనక భాగం మెత్తని అంగిలికి ఆనుకుని ఉంటుంది. దాన్ని బాగా గుర్తుపట్టండి. ఇప్పుడు రెండు వేళ్లతో పెదవుల మూలల్ని పక్కలకి లాగి పట్టుకుని, నాలుకని కొంచెమంటే కొంచెం మాత్రమే కిందికి వదిలి గొంతు కలపండి. ఉ కాని, ఇ కాని ఒక శబ్దం వస్తుంది. అదే ఆ టర్కిష్ అచ్చు. దాన్ని అలాగే సాగదీస్తూ వేళ్లు తీసేసి, నాలుక కదపకుండా పెదవులు గుండ్రంగా చుట్టండి. ఊ అయిపోతుంది. పెదవులు లేకుండానే వెనక అచ్చు పలికారన్నమాట.

దీనికి తలకిందులుగా ఉండేది ఫ్రెంచ్‌లో ఉంది. నాలుకని ఈ దగ్గర ఉంచి పెదవులు ఊ లాగా చుడితే వచ్చే అచ్చు. వీధి అనే మాటకీ చక్రం అనే మాటకీ ఆ భాషలో ఉచ్చారణలో తేడా అదొక్కటే: వీధిలో నాలుక ముందుంటుంది, చక్రంలో వెనక. పెదవులు రెండిట్లోనూ గుండ్రమే.

నాలుక వెనక్కి వెళ్లిందని చెవితో కూడా తెలుసుకోవచ్చు. ఈ, ఊ రెండిటినీ గుసగుసగా, గాలితో మాత్రమే అనండి. గొంతు తీగలు మోగవు కాబట్టి శ్రుతి ఉండదు, అయినా ఈ సన్నగా, ఊ బొంగురుగా వినపడతాయి. అది నోటి కుహరం చేసే ప్రతిధ్వని. ధ్వనిశాస్త్రంలో దీన్ని రెండో ఫార్మెంట్‌గా కొలుస్తారు. 1952లో పీటర్సన్, బార్నీ అనే పరిశోధకులు అమెరికన్ ఇంగ్లీషు అచ్చుల్ని కొలిచినప్పుడు మగవాళ్ల సగటు ఈకారానికి 2290 హెర్ట్జ్, ఊకారానికి 870 వచ్చింది. నాలుక వెనక్కి వెళ్తే దాని ముందున్న ఖాళీ పెరుగుతుంది, ఆ సంఖ్య తగ్గుతుంది. పెదవులు చుడితే ఇంకా తగ్గుతుంది. అందుకే చాలా భాషల్లో ఆ రెండు పనులూ జోడీగా ఉంటాయి: ఊ, ఈకి వీలైనంత దూరంగా వినపడుతుంది. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీ గొంతే రికార్డ్ చేసి, ఈ నుంచి ఊకి వెళ్తుంటే ఆ రెండో ఫార్మెంట్ గీత ఎలా దిగుతుందో చూడొచ్చు. నా గొంతులో అది మొదటిసారి చూసిన రోజు చాలాసేపు దాని ముందునుంచి లేవలేదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం తెలుగులోనే ఉంది. చిలక, చెట్టు అనండి. తర్వాత చుక్క, చోటు అనండి. మొదటి జంటలో చ తాలవ్యం, అంటే అంగిలి దగ్గర పలికేది; రెండో జంటలో దంత్యం, అంటే పళ్ల దగ్గర పలికేది. ఇ, ఎ పలకడానికి నాలుక ముందుకి, పైకి వస్తుంది, దాంతో చ కూడా అంగిలి దగ్గరకి జరుగుతుంది. సరే, ఈ తేడా పెదవుల వల్లేమో అనుకుందాం. అప్పుడు చలి, చాప ఏం కావాలి? అ, ఆ పలికేటప్పుడు పెదవులు గుండ్రం కావు కాబట్టి అవి చిలక వైపు చేరాలి. కానీ చేరవు, చుక్కలాగే దంత్యంగా పలుకుతాం. (చంద్రుడు, జలం లాంటి సంస్కృత పదాలు ఈ లెక్కలోకి రావు.) అంటే ఈ మాటల్లో మన చకారం చూసుకుంటున్నది నాలుక ఎక్కడుందన్నదే.

ఒ, ఓ సంగతి చూస్తే పాత వ్యాకరణమే మీకు జవాబిచ్చింది. వాటిని కంఠోష్ఠ్యాలన్నారు, గొంతూ పెదవులూ రెండూ అందులో ఉన్నాయి. అ, ఆ మాత్రం కంఠ్యాలన్నంత మాత్రాన వెనక అచ్చులని అనుకోకండి. తెలుగులో అవి పలికేటప్పుడు నాలుక దాదాపు నోటి మధ్యలో ఉంటుంది, చాలామంది వాటిని మధ్య అచ్చులుగానే లెక్కేస్తారు.