‘పాప పడింది’ అని చదివిన సాయంత్రం

వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాడే పొట్టి రాతల వల్ల పిల్లల భాష, అక్షరజ్ఞానం దెబ్బతింటున్నాయా అని మీరు అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. పొట్టి రాతల మీద నాకు కోపం లేదు. మన పెద్దలు ఉత్తరాల పైన మ.రా.రా.శ్రీ (మహారాజరాజశ్రీ) అనీ, శుభలేఖల మీద చి.ల.సౌ. అనీ, పోయినవారి పేరు ముందు కీ.శే. అనీ రాసినంత మాత్రాన తెలుగుకు ఏ కీడూ జరగలేదు, ఎందుకంటే ఆ చుక్కల వెనుక ఉన్న పూర్తి మాట చదివేవారికి తెలుసు. నన్ను బాధిస్తున్నది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలతో రాసే అలవాటు. అది మా ఇంట్లో ఏం చేసిందో చెబుతాను.

మాది నెల్లూరు జిల్లా. 1990ల మొదట్లో అక్కడ సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో, ముప్పై అయిదేళ్ల వయసులో, పగలంతా నాట్లు వేసి వచ్చి రాత్రి బడిలో కూర్చుని మా అమ్మ అక్షరాలు దిద్దుకుంది. ఆ బడుల వాచకంలోని, సారా వల్ల కష్టాలు పడిన సీతమ్మ కథ చదివిన మా జిల్లా దూబగుంట గ్రామం ఆడవాళ్లు సారా దుకాణం మూయించారనీ, ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్లిందనీ ఆమె ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. చదువంటే ఆమెకు అంతటి విషయం. ఈనాటికీ దినపత్రికను మొదటి పేజీ నుంచి జిల్లా వార్తల దాకా వేలు పెట్టి చదువుతుంది.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం, బెంగళూరులో ఉండే మా తమ్ముడు తన కూతురి బడి వార్షికోత్సవం నుంచి అమ్మకు ఒక మెసేజ్ పంపాడు. పాప స్టేజీ మీద పాడింది, అందరూ చూశారు అని అతని ఉద్దేశం. రాసింది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో: పి, ఎ, డి, ఐ, ఎన్, డి, ఐ. అమ్మ ఫోను పట్టుకుని పక్కింటి ఇంటర్ కుర్రవాడి దగ్గరకు వెళ్తే, అతను ‘పాప స్టేజీ మీద పడింది, అందరూ చూశారు’ అని చదివి వినిపించాడు. ఆమె తమ్ముడికి పదకొండు సార్లు ఫోన్ చేసింది. పాటల హోరులో అతనికి వినిపించలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి సంచిలో రెండు చీరలు సర్దుకుని, బెంగళూరు బస్సు ఎన్నింటికని అడుగుతూ గడప మీద కూర్చుని ఉంది. రాత్రి తమ్ముడు ఫోన్ చేసి, సంగతి విని నవ్వాడు. అమ్మ నవ్వలేదు. “నాకు చదువొచ్చు గదా అబ్బయా, నాకొచ్చిన అక్షరాల్లో రాస్తే ఏం?” అంది.

కుర్రవాడి తప్పేమీ లేదు. ఆ అక్షరాల్లో మామూలుగా దీర్ఘం చూపరు కాబట్టి ‘కలం’కూ ‘కాలం’కూ తేడా ఉండదు, ద, డ ఒకటే కాబట్టి గదీ గడీ ఒకటే. రోజుకు వంద మెసేజ్‌లు ఇలా రాసే పిల్లవాడి చెవి కూడా క్రమంగా ఆ తేడాలను వదిలేస్తుందేమోనని నా భయం. నా తొమ్మిదో తరగతి పిల్లల నోటు పుస్తకాల్లో పళ్లు ‘పల్లు’ అయ్యాయి, నీళ్లు ‘నీల్లు’ అయ్యాయి. అర్థానికి బదులు అర్ధం రాయడం ఫోన్ల కంటే చాలా పాత జబ్బు కనుక దాన్ని వీటి మీద వేయను. ళకారం పోవడానికి మాత్రం ఫోను కూడా ఒక కారణమేమోనని నా అనుమానం.

ఒకప్పుడు ఈ అలవాటుకు కారణం ఉండేది. చాలా ఫోన్లలో తెలుగే కనిపించేది కాదు. కనిపించినా, ఒక ఎస్ఎమ్మెస్‌లో ఇంగ్లీషుకు 160 స్థానాలుంటే తెలుగుకు 70 మాత్రమే దక్కేవి, పైగా కంటికి రెండే అక్షరాలుగా కనిపించే ‘లక్ష్మి’ ఒక్కటే అందులో ఏడింటిని తినేసేది. డబ్బు లెక్క చూసుకునేవారు ఇంగ్లీషు లిపి పట్టుకున్నారంటే అర్థం చేసుకోగలను. ఇప్పుడు గూగుల్ కీబోర్డులో అవే ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు అక్షరాలు పడుతున్నాయి. అయినా మా ఊళ్లో ఒక ప్రైవేటు బడి తల్లిదండ్రులకు పంపే నోటీసులు కూడా ఇంగ్లీషు లిపి తెలుగులోనే వస్తున్నాయి. ఆ తల్లుల్లో సగం మంది వాటిని తమ పిల్లల చేతనే చదివించుకుంటున్నారు. చదువు వచ్చిన మనిషిని ఇలా నిరక్షరాస్యురాలిని చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆ సాయంత్రం తర్వాత తమ్ముడు రాయడం మానేసి, గొంతు రికార్డు చేసి పంపడం మొదలుపెట్టాడు. అది ప్రేమతో చేసిన పనే, కాని అంత కష్టపడి చదువు నేర్చుకున్న అమ్మకు వినడం ఒక్కటే మిగలడం నాకు నచ్చలేదు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు దగ్గర కూర్చుని అతని ఫోనులో తెలుగు కీబోర్డు పెట్టించాను. ఇప్పుడు రోజూ రెండు మూడు వాక్యాలు రాస్తున్నాడు. ఒత్తులు కొన్ని తప్పుతున్నాయి. అమ్మ వాటిని పట్టుకుని, రాత్రి ఫోన్ చేసి మరీ దిద్దుతోంది.