పికాసో ‘ఏడుస్తున్న స్త్రీ’ ముఖం ఎందుకలా ముక్కలైంది?

స్పెయిన్ చిత్రకారుడు పికాసో గీసిన ఈ బొమ్మ ప్రింటును నెల్లూరులో స్నేహితుల ఇంట్లో చూశానని, గీయడం చేతకాక ముఖాన్ని అలా వంకర్లు తిప్పాడా అని ఒకరు అడిగారు. చేతకాక కాదు. మన వైపు తోలుబొమ్మలు గుర్తు తెచ్చుకోండి: ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, కన్ను మాత్రం నిండుగా ఎదురు చూస్తుంటుంది. అక్కడ మనకెవరికీ తప్పనిపించదు. పికాసో ఆ పనే ఇంకా మొండిగా చేశాడు. పక్క నుంచి కనిపించే ముక్కు, ఎదురుగా కనిపించే రెండు కళ్లు ఒకే ముఖంలో పెట్టాడు.

అసలు సంగతి బొమ్మ మధ్యలో ఉంది. టోపీ ఎర్రగా, దాని మీద నీలం పువ్వు. ముఖం అంచులు పసుపు, ఆకుపచ్చ. నోటి దగ్గరికొచ్చేసరికి రంగులన్నీ చల్లబడి తెలుపు, నీలం మిగులుతాయి. పళ్లు, వేళ్లు, రుమాలు ఏది ఏదో విడదీయలేం. రుమాలు గుడ్డలా లేదు, పగిలిన గాజుపెంకులా ఉంది. ఏడుపు ఆమెను కోస్తోంది.

ఇది 1937 అక్టోబరు నాటిది. ఆ ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు వేశాయి. పికాసో గీసిన పెద్ద ‘గెర్నికా’ చిత్రంలో చచ్చిన బిడ్డను ఎత్తుకుని ఏడ్చే తల్లి ఉంది. ఆ ఏడుపే ఇక్కడికీ వచ్చింది.

ఈ బొమ్మకు నమూనా అయిన మనిషి డోరా మార్, పేరున్న ఫొటోగ్రాఫర్. ‘గెర్నికా’ తయారవుతుండగా ఫొటోలు తీసింది ఆమే. అలాంటి మనిషి లోకానికి ఏడుపుముఖంగా మిగిలిపోవడం నాకైతే అన్యాయమే అనిపిస్తుంది.