కీ ఇచ్చే హెచ్‌ఎంటీ జనతా రోజుకు 20 నిమిషాలు ముందుకు పోతుంటే
మీ నాన్నగారి వాచీ ఇలా ముందుకు పోతోందని, దుకాణదారుడు కొత్తది కొనమన్నాడని అడిగారు. వాచీ ఉన్నట్టుండి ఇంత వేగం పుంజుకుందంటే, కారణం అరుగుదల కాకపోవచ్చు. ఫోను స్పీకరు వంటివాటి పక్కన ఉండి హెయిర్‌స్ప్రింగుకు (వాచీ వేగాన్ని అదుపుచేసే సన్నటి చుట్టల స్ప్రింగు) అయస్కాంతత్వం పట్టినప్పుడు, దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుని, స్ప్రింగు పొట్టిదైనట్లు ప్రవర్తిస్తుంది, దాంతో వాచీ వేగంగా నడుస్తుంది. 17 రాళ్ళతో (అరుగుదల తగ్గించే చిన్న బేరింగులు), విడదీసి బాగుచేసుకోవడానికి వీలుగా కట్టిన యంత్రమది, కాబట్టి కొత్తది కొనమన్న దుకాణదారుడి మాట వినకండి.

1. వాచీని దిక్సూచి దగ్గర పెట్టండి. ముల్లు గట్టిగా ఊగితే అనుమానం నిజమే.

2. డీమ్యాగ్నటైజర్‌పై (అయస్కాంతత్వాన్ని తీసేసే పరికరం) వాచీని ఉంచి మీట నొక్కి పట్టుకోండి. మీట వదలకుండానే వాచీని నెమ్మదిగా మూరెడు దూరం జరిపి, ఆ తర్వాతే వదలండి. చాలామంది పొరపడేది ఇక్కడే: వాచీ దగ్గరగా ఉండగానే మీట వదిలితే అయస్కాంతత్వం పోకపోగా, ఒక్కోసారి పెరుగుతుంది.

3. పూర్తిగా కీ ఇచ్చి ఒక రోజు గమనించండి. అప్పటికీ వేగం తగ్గకపోతే స్ప్రింగుకు నూనె అంటి ఉండవచ్చు, శుభ్రం చేయించండి.