అమ్మాయిల క్యాంపు గురించి పాస్టరమ్మ గారికి ఒక ఉత్తరం

పాస్టరమ్మ గారికి,

ప్రభువు నామంలో వందనాలు. మే మొదటి వారంలో గుంటూరు హాస్టల్‌లో నాలుగు రోజులు అమ్మాయిల క్యాంపు పెడుతున్నామని, థీమ్ ఏం పెడితే బాగుంటుందో చెప్పమని అడిగారు. ఫ్లెక్సీ మీద ఏం రాయించాలన్నది తర్వాత చూద్దాం. ముందు ఎవరి కథ చెప్పాలో తేల్చుకోండి.

వెలుగు, విజయం, ఆశీర్వాదం లాంటి మాట ఒకటి థీమ్‌గా పెడితే బ్యానర్ బాగానే ఉంటుంది. రెండో రోజుకి మాత్రం టీచర్లకి చేయించడానికి ఏమీ ఉండదు. రంగు కాగితాలు కత్తిరించడం, యాక్షన్ సాంగ్స్, మళ్లీ రంగు కాగితాలు. ఒక మనిషి కథ తీసుకుంటే చేతులకి పని దొరుకుతుంది. ఆమె ఏం చేసిందో అదే పిల్లల చేత చేయించండి. నేను చెప్పగలిగింది ముఖ్యంగా ఇదే.

మొదటి రోజుకి రూతు, పరాయి చేలో రాలిన కంకులు ఏరి అత్తని పోషించిన కోడలు. హాస్టల్ ఆవరణలో ఒక మూల ఎండుగడ్డి పరిచి, అందులో జొన్న కంకులు, వరి వెన్నులు కలిపి చల్లించండి. పొద్దున్నే ఆరున్నరకి, ఎండ ముదరకముందే, ఇద్దరిద్దరిని జత చేసి ఏరమనండి. ఏరినవి కొట్టాలి, చేటతో చెరగాలి, కొలవాలి. రూతు సాయంత్రానికి తూమెడు యవలు చేసుకుందని వాక్యంలో ఉంది కదా. మన పిల్లలకి గంటకి గ్లాసుడు గింజలు కూడా రావు, నడుం పట్టుకుని కూలబడతారు. కథ అప్పుడు చెప్పండి, ముందు చెప్పకండి.

కోతలయ్యాక చేలల్లో పరిగె ఏరి ఇల్లు గడిపిన అవ్వలు మన సంఘంలో ఇంకా ఉన్నారు. వాళ్లలో ఒకరిని పిలిచి పిల్లల మధ్య కూర్చోబెట్టండి. మైకు ఇవ్వద్దు, సాక్ష్యం చెప్పమని అడగద్దు. చేట ఎలా పట్టుకోవాలో నేర్పమనండి చాలు, మాటలు వాటంతటవే వస్తాయి. ఒక్క జాగ్రత్త: ఆ అవ్వ మనవరాలు కూడా క్యాంపుకి వస్తుంటే ముందు ఆ పిల్లని పక్కకి పిలిచి అడగండి. ఇంటి కష్టం నలుగురిలో బయటపడటం పద్నాలుగేళ్ల పిల్లకి ఇష్టం ఉండకపోవచ్చు. వద్దంటే వేరే అవ్వని చూడండి.

రెండో రోజు దొర్కా. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన బట్టలు పేతురుకి చూపించి ఏడ్చారు. కాబట్టి ఆ రోజు సూదీ దారమూ. చిన్నపిల్లలకి పాత చీరలతో చేతిసంచులు, పెద్దవాళ్లకి దిండు గలేబులు. కుట్టినవి ఎవరికివ్వాలో ముందే మాట్లాడి ఉంచండి, లేకపోతే చర్చి బీరువాలో పడి ఉంటాయి. వృద్ధాశ్రమమో, ఆసుపత్రి వార్డో ఏదైనా సరే, పిల్లలే వెళ్లి ఇచ్చిరావాలి.

ఆ సాయంత్రం డాక్టర్ కుగ్లర్ గురించి చెప్పండి. గుంటూరు పిల్లలు కుగ్లర్ ఆసుపత్రి పేరు వినే ఉంటారు, ఆమె ఎవరో మాత్రం చాలామందికి తెలియదు. అన్నా సారా కుగ్లర్ లూథరన్ మిషన్ తరఫున 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చారు. ఆడవాళ్ల కోసం ఆమె కట్టించిన ఆసుపత్రి 1898లో మొదలైంది. 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆడవాళ్లు మగ డాక్టరు ముందుకి రావడానికే జంకే రోజులవి. ఆ సంగతి ఇప్పటి పిల్లలకి విడమరచి చెప్పాలి.

మూడో రోజు మీద నాకు ఆశ ఎక్కువ. సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు, యాజకుడి ముందు, ప్రధానుల ముందు నిలబడి, కొడుకులు లేనంత మాత్రాన మా నాన్న పేరు ఎందుకు పోవాలి, మాకూ స్వాస్థ్యం, అంటే ఆస్తిలో వాటా, ఇవ్వండి అని అడిగారు. దీన్ని స్కిట్‌లా బట్టీ పట్టించద్దు, కోర్టులా పెట్టండి. ఐదుగురు అక్కచెల్లెళ్లు ఒకవైపు, కాదనే పెద్దలు ఇంకోవైపు. "పెళ్లి చేసుకుని వెళ్లిపోతారుగా", "కట్నం ఇచ్చాంగా" లాంటివి రాసివ్వక్కర్లేదు, ఇళ్లల్లో వింటూనే ఉంటారు. వాదన అయ్యాక ఎవరైనా లాయరమ్మ చేత ఓ అరగంట చెప్పించండి. క్రైస్తవులకి వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి వీలునామా రాయకుండా పోతే తల్లి వాటా పోగా మిగిలింది కొడుకులకీ కూతుళ్లకీ సమానం. కేరళలో సిరియన్ క్రైస్తవ స్త్రీలకి ఆ హక్కు దక్కడానికి మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆ తీర్పు 1986లో వచ్చింది. సంఘ పెద్దల్లో ఒకరిద్దరు మొహం చిట్లిస్తారు. పాస్టరు గారికి మాత్రం ముందే చెప్పి ఉంచండి.

ఎస్తేరు గురించి కూడా అడిగారు. చాలా క్యాంపుల్లో ఎస్తేరు అంటే కిరీటాలు, మేకప్, చివరికి ఫ్యాన్సీ డ్రెస్ పోటీ. నల్లగా ఉన్న పిల్ల వెనక వరసలోకి జరిగిపోతుంది. ఎస్తేరు కావాలంటే, ఆమె అందానికి రాణి అయిన రెండో అధ్యాయం దగ్గర ఆగకుండా, తన ప్రజల కోసం ప్రాణానికి తెగించి రాజు దగ్గరికి వెళ్లడానికి సిద్ధపడిన నాలుగో అధ్యాయం తీసుకోండి.

చివరి రోజు సగం పూటే కాబట్టి నయమాను ఇంటి చిన్నది చాలు. ఇంటికి దూరంగా, చెరలో ఉండి కూడా, యజమాని కుష్ఠు బాగుచేయగల ప్రవక్త ఉన్నాడని నోరు తెరిచి చెప్పిన పిల్ల. ఎవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పాలో, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఎవరు పలుకుతారో ఆ రోజే మాట్లాడండి. మగవాళ్లు గదిలో ఉండకూడదు.

పదకొండు నుంచి నాలుగు దాకా ఎవర్నీ బయటికి పంపద్దు. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు దగ్గర పెట్టుకోండి. భోజనాలయ్యాక రెండు గంటలు ఏ కార్యక్రమమూ పెట్టద్దు. పడుకుంటారో, జడలు వేసుకుంటారో, కబుర్లే చెప్పుకుంటారో వాళ్లిష్టం. ఖోఖో, తొక్కుడుబిళ్ల సాయంత్రానికి ఉంచండి. ప్యాడ్లు ఎక్కడున్నాయో, వాడినవి ఎక్కడ వేయాలో మొదటి గంటలోనే చెప్పేయండి, అడగడానికి సిగ్గుపడి బాధపడే పిల్లలుంటారు. టెన్త్ రాసినవాళ్లు రిజల్ట్స్ టెన్షన్‌తోనో, వచ్చిన మార్కుల దిగులుతోనో వస్తారు. వాళ్లని లీడర్లుగా పెట్టేముందు కాస్త కనుక్కోండి.

ఇంకో సంగతి. మే వచ్చేసరికి కోతలైపోయి కంకులు దొరకవు. పొలం ఉన్నవాళ్లకి మార్చిలోనే చెప్పి రెండు కట్టలు పక్కన పెట్టించండి. వెదురు చేటలు మా ఇంట్లో ఉన్నాయి, ఆదివారం ఆరాధనకి వచ్చేటప్పుడు తెస్తాను.

ఇట్లు,
మీ సండే స్కూల్ పాత టీచరు